ముక్కల మీద ఊపిరి

నూరీన్ కాగితాల కట్టను రెండు చేతులతో పట్టుకుని వంచుతుంది. బొటనవేలితో అంచును కొంచెం కొంచెంగా వదులుతుంది. కాగితాలు ఒకదాని వెనక ఒకటి చిన్న చప్పుడుతో జారతాయి. అంచు దగ్గర నోరు పెట్టి ఒక్కసారి ఊదుతుంది. కట్టను బల్ల మీద నిలబెట్టి రెండుసార్లు తట్టి, మిషన్‌లో పెడుతుంది.

కొత్త రీమ్ విప్పిన ప్రతిసారీ ఇదే. అలా ఊదకపోతే కాగితాలు అంటుకుంటాయి. రెండు కలిసి లోపలికి పోతాయి. మిషన్ ఆగిపోతుంది. అమీర్‌పేటలో జెరాక్స్ తీసే ప్రతి మనిషీ ఇలా చేస్తాడు. ఎవరూ ఎవరికీ నేర్పరు.

పేకముక్కలు చేతికి తీసుకున్నప్పుడూ ఆమె ఇదే చేస్తుంది. వంచుతుంది, వదులుతుంది, ఊదుతుంది. తర్వాత గడియారం నొక్కుతుంది. నలభై ఎనిమిది సెకన్లలో యాభై రెండు ముక్కల వరుస ఆమె తలలోకి వెళ్ళిపోతుంది.

ఆమెకు ముప్పై మూడేళ్ళు. మైత్రీవనం వెనక సందులో హనుమాండ్లు జెరాక్స్ షాపులో పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. చుట్టూ కోచింగ్ సెంటర్లు. పిల్లలు వచ్చి పుస్తకం పేరు చెప్పరు, సార్ పేరు చెబుతారు. "కృష్ణమోహన్ సార్ టెస్టింగ్ నోట్స్, అక్కా." నూరీన్ వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి మూడో అరలోంచి తీస్తుంది. కృష్ణమోహన్ సార్ పాఠాలు మానేసి నాలుగేళ్ళయింది. నోట్స్ అక్కడే ఉంది. చెయ్యి అక్కడికే పోతుంది.

"నోట్స్ యాడున్నయో చూడనీకి కంప్యూటర్ ఎందుకు?" అంటాడు హనుమాండ్లు. "నూరీన్ ఉన్నది కదా. కరెంటు సుత తినదు."

"చాయ్ తాగుత కదా అన్నా."

"అది రుద్రమ్మ ఖాతా."

రుద్రమ్మది షాపు ముందు ఇడ్లీ బండి. పొద్దున ఇడ్లీ, సాయంత్రం చాయ్. ఎవరు ఏమడిగినా ముందు తిట్టి, తర్వాత ఇస్తుంది.

తొమ్మిదేళ్ళ కింద వంశీకృష్ణ అనే కుర్రాడు ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చి సగం కాపీ తియ్యమన్నాడు. తెనాలి నుంచి సాఫ్ట్‌వేర్ కోర్సు కోసం వచ్చినవాడు. పుస్తకం జ్ఞాపకశక్తి పోటీల గురించి. పేజీలు తిప్పుతూ నూరీన్ నాలుగు చదివింది. మిషన్ ఆపి ఐదోది చదివింది.

"ఇది నిజమేనా? గిట్ల పోటీలు ఉంటయా?"

"ఉంటాయండీ. చాలా దేశాల్లో ఆడతారు."

"పత్తాలు గుర్తుపెట్టుకునుడు ఆటనా?"

"ఆటే. పేకముక్కలతో కష్టమైన ఆట."

"నా పని గదే కదా," అంది నూరీన్. సందులోని సార్లందరి నోట్స్ ఏ అరలో ఏ వరుసలో ఉన్నాయో గడగడా చెప్పింది. వంశీకృష్ణ కాపీలు తీసుకోవడం మరిచిపోయి వెళ్ళిపోయాడు. మర్నాడు కాపీల కోసం వచ్చి, కొత్త పేకముక్కల కట్ట ఇచ్చి వెళ్ళాడు.

పద్ధతి చెప్పడానికి తేలిక. ప్రతి ముక్కకూ ఒక మనిషిని పెట్టుకోవాలి. తెలిసిన దారిలో యాభై రెండు చోట్లు పెట్టుకోవాలి. ముక్కలు వచ్చిన వరుసలో ఆ మనుషుల్ని ఆ చోట్ల నిలబెట్టుకుంటూ పోవాలి. నూరీన్ దారి అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర మొదలై పంజాగుట్ట చౌరస్తా దగ్గర ముగుస్తుంది. స్కూటీ కొనక ముందు రోజూ ఇంటికి నడిచి వెళ్ళిన దారి అది. ఆఠీను రాణి రుద్రమ్మ. కళావరు రాజు హనుమాండ్లు. డైమన్ జాకీ వంశీకృష్ణ. మూడో ముక్కగా ఆఠీను రాణి వస్తే, రుద్రమ్మ మందుల షాపు మెట్ల మీద కూర్చుని ఎవరినో తిడుతూ ఉంటుంది. తర్వాత తలలోనే ఆ దారంట నడిచి, ఎవరెవరు ఎక్కడున్నారో చూసి చెప్పాలి. అంతే.

కష్టం ఇంట్లో వచ్చింది.

పంజాగుట్ట వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు. నూరీన్, తల్లి మసూదా. ఇంట్లో వాళ్ళ మాట దక్కనీ. పేకముక్కలు గడప దాటి రాకూడదన్నది మసూదా నియమం. అవి జూదం సామాను. జూదం సామాను ఉన్న ఇంట్లో నమాజుకు మనసు నిలవదని ఆమె నమ్మకం. నూరీన్ వాదించలేదు. కట్టను షాపులో, మూడో అరలో, కృష్ణమోహన్ సార్ నోట్స్ వెనక పెట్టింది.

కానీ ముక్కలు లేకుండా ఇంట్లో సాధన ఎలా? దారి చూపింది మసూదాయే.

"నీకు పత్తాలతో ఏం పని?" అంది ఒక రాత్రి, బియ్యం ఏరుతూ. "నీకు కావాల్సింది మనుషులు కదా. మనుషుల పేర్లు నేను చదువుతా."

సేమియా పోసుకునే స్టీలు డబ్బా ఖాళీ చేసింది. యాభై రెండు చీటీల మీద ఉర్దూలో యాభై రెండు పేర్లు రాసింది. డబ్బా మూత పెట్టి బాగా ఊపి, ఒక్కొక్క చీటీ తీసి చదివేది. రుద్రమ్మ. మతీన్. హనుమాండ్లు. జకియా ఫుప్పు. ముందు నిదానంగా, నెలలు గడిచేకొద్దీ వేగంగా. నూరీన్ కళ్ళు మూసుకుని వినేది. తర్వాత వరుసగా అప్పజెప్పేది. మసూదా చీటీలు సరిచూసి తల ఊపేది. ఏ చీటీ ఏ ముక్కో ఆమె అడగలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

మొదటి రోజే ఒక్క మాట మాత్రం అంది. "నన్ను అందులో పెట్టొద్దు, నక్కో. ఎవరినైనా పెట్టుకో. నన్ను పత్తాను చేయకు."

"చేయను అమ్మీ."

యాభై రెండు మందిలో తల్లి లేదు. సందులోని చెప్పుల షాపతను ఉన్నాడు, ఖైరతాబాద్ కరెంటాఫీసులో కసురుకునే మనిషి ఉన్నాడు. తల్లి లేదు.

ఇంకో అలవాటు కూడా ఉంది ఆ ఇంట్లో. నూరీన్ రోజూ పనికి బయల్దేరేటప్పుడు గడప దగ్గర తల వంచుతుంది. మసూదా దువా, అంటే చిన్న ప్రార్థన, చదివి ఆమె తల మీద ఊదుతుంది. నూరీన్ ఒకటో తరగతిలో ఉన్నప్పుడు మొదలైన అలవాటు. రెండు నిమిషాలు ఆలస్యమైనా అది కాకుండా గడప దాటదు.

అంటే ఆ ఇంటికి సంబంధించి రెండు ఊదడాలు ఉన్నాయి. ఒకటి తల్లిది, కూతురి తల మీద. ఇంకోటి కూతురిది, కాగితాల మీద. ఈ సంగతి ఎవరికైనా విడమరిచి చెప్పాల్సి వస్తుందని ఇద్దరూ ఎప్పుడూ అనుకోలేదు.

ఫిబ్రవరిలో మంజూష వచ్చింది. సోమాజిగూడలో ఒక నిర్మాణ సంస్థకు డాక్యుమెంటరీలు తీస్తుంది. విజయవాడ మనిషి. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడుతుంది. జ్ఞాపకశక్తి ఆటగాళ్ళ మీద సినిమా. అప్పటికి వంశీకృష్ణనూ, ఇంకో ముగ్గురు ఇంజనీరు కుర్రాళ్ళనూ తీసేసింది.

"నిజం చెప్తానండీ," అంది షాపులో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని. "తీసింది చూస్తే అందరూ ఒకేలా ఉన్నారు. నలుగురూ మగాళ్ళే, నలుగురూ కళ్ళద్దాలే. పైవాళ్ళు వైవిధ్యం ఏదీ అని అడిగారు. వంశీకృష్ణ గారు మీ పేరు చెప్పారు."

"అద్దాలైతే నాకు సుత ఉన్నయి మేడమ్," అంది నూరీన్. "చదివేటప్పుడు పెట్టుకుంట."

మంజూష నవ్వింది. నూరీన్‌కు ఆమె నచ్చింది. ఎందుకు వచ్చిందో దాచలేదు. ఒప్పంద పత్రం ఇచ్చింది. నూరీన్ సంతకం పెట్టి, తన మిషన్ మీదే దానికి కాపీ తీసి, అసలుది ఆమెకిచ్చింది.

మూడు రోజులు తీశారు. మొదటి రోజు షాపులో. నూరీన్ స్కూటీ దిగి ముఖానికి కట్టుకున్న స్కార్ఫ్ విప్పుతుంటే మంజూష ఆపింది. "అలాగే ఉంచండి. బాగుంది."

"ఇది ఎండకు మేడమ్. దుమ్ముకు."

"పర్లేదండీ."

"పంజాగుట్ట సిగ్నల్ కాడ చూడండ్రి. స్కూటీ మీద పోయే ఆడపిల్లలంత గిట్లనే కట్టుకుంటరు. అందరిని తీస్తరా?"

స్కార్ఫ్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి తీశారు. రుద్రమ్మ కొత్త చీర కట్టుకొచ్చి ఆఠీను రాణిగా మందుల షాపు మెట్ల మీద కూర్చుంది. ఎవరినైనా తిట్టమంటే, అంత వరకూ ఎప్పుడూ ఆగని నోరు ఆగిపోయింది. కెమెరా వైపు చూసి చేతులు జోడించింది. హనుమాండ్లు తువ్వాలు తలకు చుట్టుకుని కళావరు రాజయ్యాడు.

మధ్యలో మంజూష ఒక మాట అడిగింది. "ఈ యాభై రెండు మందిలో మీవాళ్ళు ఎంతమందండీ?"

"అందరు మావాళ్ళే."

"అంటే... ముస్లిమ్స్."

నూరీన్ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. దారంట ఒకసారి నడిచి వచ్చింది. "పద్దెనిమిది," అంది. మంజూష రాసుకుంది.

రెండో రోజు బేగంపేటలో, ఆదివారాలు జ్ఞాపకశక్తి ఆటగాళ్ళ క్లబ్బు కూడే గదిలో తీశారు. అక్కడే ఆమె చేతుల్ని దగ్గరగా తీశారు. వంచడం, వదలడం, ఊదడం. నాలుగుసార్లు చేయించారు. మూడో రోజు ఇంట్లో. ముక్కలు ఉండవంటే మంజూష సరేనంది. ఆ మాట నిలబెట్టుకుంది. మసూదాను కుర్చీలో కూర్చోబెట్టి, కూతురి కోసం మీరేం చేస్తారని అడిగింది. మసూదా దక్కనీలో చాలాసేపు చెప్పింది. పొద్దున గడప దగ్గర ఏం చేస్తుందో కూడా చెప్పింది.

ఆ తర్వాత నాలుగు నెలలు రుద్రమ్మ రోజూ ఒకటే పాట. "ఏమాయె బిడ్డా మన పిచ్చర్? నేను సచ్చినంక వేస్తరా?"

జూన్‌లో ఒక మంగళవారం పిలుపు వచ్చింది. సోమాజిగూడ ఆఫీసులో చిన్న గది. నూరీన్, మంజూష, ఎడిటింగ్ చేసిన రిషి. రిషి వరంగల్ కుర్రాడు, నూరీన్‌ను అక్కా అన్నాడు. వచ్చే వారం శుక్రవారం విడుదల అని మంజూష చెప్పింది.

సినిమాలో నూరీన్ ఏడు నిమిషాలు ఉంది. స్కార్ఫ్ కట్టుకునే ఉంది. జెరాక్స్ మిషన్ లేదు. రుద్రమ్మ లేదు. హనుమాండ్లు లేడు. ముక్కలకు బొమ్మలు గీయించి కదిలించారు. ఆ బొమ్మల్లో గడ్డాలూ టోపీలూ బుర్ఖాలూ ఉన్నాయి. పద్దెనిమిది మందే ఉన్నారు. నూరీన్ లెక్కపెట్టింది.

తర్వాత ఆమె చేతులు వచ్చాయి. పెద్దగా, తెర నిండా. ముక్కల కట్ట వంగింది. వెనక నుంచి మసూదా గొంతు వినిపించింది. దువా చదివి ఊదుతాం. తర్వాత అంతా అల్లా చూసుకుంటాడు. ఆ మాటలే తెలుగులో తెర అడుగున కనబడ్డాయి. సరిగ్గా ఆ మాటల మీద, తెర మీద నూరీన్ ముక్కలకు నోరు దగ్గరగా పెట్టి ఊదింది.

నూరీన్ కుర్చీ చేతిని పట్టుకుంది. సినిమా ఇంకా నడుస్తోంది. వంశీకృష్ణ ఏదో చెబుతున్నాడు. చివర్న పేర్లు పైకి పోయాయి. తీసినవాళ్ళు, కలిపినవాళ్ళు, పైవాళ్ళు, సలహాలిచ్చినవాళ్ళు. కోపంలో చేతికి ఏది దొరికితే అది పట్టుకున్నట్టు, ఆమె కళ్ళు ఆ పేర్లను పట్టుకున్నాయి. మెట్రో మెట్ల దగ్గర ఒకటి, పక్కన ఒకటి. చివరి పేరు పోయేవరకూ తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

లైటు వేశాక మంజూష అడిగింది. "ఎలా ఉందండీ?"

"గది దువా కాదు మేడమ్."

"ఏది?"

"నేను ఊదేది. పేపర్ అంటుకోకుండ ఊదుత. షాపుల రోజూ చేసేదే. చేతికి అలవాటైంది."

మంజూషకు అర్థం కాలేదు. నూరీన్ అక్కడి ప్రింటరు పక్కనున్న కాగితాల కట్ట తీసి చూపించింది. వంచింది, వదిలింది, ఊదింది.

"మా అమ్మీ దువా చదివి ఊదేది నా మీద. నా తల మీద. పత్తాల మీద కాదు. మా ఇంట్ల పత్తాలే రానియ్యది ఆమె. మీకు తెలుసు కదా."

రిషి తల గోక్కున్నాడు. "నేనే కలిపిన అక్కా. రెండిట్ల ఊదుడే ఉన్నది కదా. మంచిగ కూసున్నది అనుకున్న."

"జూదం సామాను మీద దువా చదువుతదని పెట్టిండ్రు మా అమ్మీని. ఆమె గొంతుతోని."

"నూరీన్ గారూ," అంది మంజూష. "చూసినవాళ్ళందరికీ కళ్ళు చెమర్చింది ఆ షాట్ దగ్గరే. తప్పుగా ఏం లేదండీ. గౌరవంగానే ఉంది. మేము దీన్ని ఊరికే పెట్టలేదు, సలహాదారుకు చూపించాం. వైవిధ్యం, ప్రాతినిధ్యం అన్నీ ఆవిడే చూస్తారు. హైందవి గారని. చాలా బాగా వచ్చిందన్నారు."

"పేర్లల్ల చూసిన. పందొమ్మిదో పేరు. ఆమె నన్ను ఎప్పుడు కలిసింది?"

"ఆవిడ బెంగళూరులో ఉంటారు. ఆన్‌లైన్లో చూశారు."

"ఆ మాట తీసెయ్యండి. ఒక్క మాటే కదా."

మంజూష కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుంది. తర్వాత నెమ్మదిగానే చెప్పింది. అది తీస్తే మీ కథకు గుండెకాయ ఉండదు. మళ్ళీ కట్ చేయాలంటే పైవాళ్ళు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మీ ఏడు నిమిషాలూ పూర్తిగా తీసెయ్యడమొక్కటే దారి.

"అప్పుడు ఇందులో ఒక్క ఆడమనిషి ఉండదు. ఒక్క ముస్లిం ఉండదు. నలుగురు కుర్రాళ్ళు మిగులుతారు. అది మీకు ఓకేనా? మీరే చెప్పండి."

నూరీన్ లేచింది. తప్పుగా ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. ఆ రెండింటి మధ్య నుంచి బయటికి వచ్చి, సోమాజిగూడ రోడ్డు మీద ఎటు నడుస్తోందో చూసుకోకుండా నడిచింది.

బుధవారం మంజూషకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మధ్యాహ్నం మళ్ళీ చేసింది. మీటింగులో ఉన్నానని మెసేజ్ వచ్చింది. గురువారం ఇంకో మెసేజ్. మీ అభిప్రాయం మాకు చాలా విలువైనది, పైకి తెలియజేశాం అని. పైన ఎవరని అడిగింది. దానికి జవాబు రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం అన్నం మానేసి ఆఫీసుకు వెళ్ళింది. కింద సెక్యూరిటీ మనిషి రిజిస్టరు తీసి, ఎవర్ని కలవాలె అన్నాడు. మంజూష మేడమ్ అంది. అతను పైకి ఫోన్ చేసి, మేడమ్ లేరన్నాడు. రిషి అంది. రిషి సెలవన్నాడు. ఇంకెవరినైనా అంది.

"ఇంకెవరినైనా అంటే ఎట్లమ్మా? పేరు చెప్తేనే రాసుకుంట. పేరు లేకుంటే పైకి పంపరు."

ఆమె వెనక్కి వచ్చింది. ఆ మధ్యాహ్నం మిషన్ మూడుసార్లు జామ్ అయింది. ఊదకుండానే కాగితాలు పెట్టింది మరి.

"ఏమైందే?" అన్నాడు హనుమాండ్లు, నలిగిన కాగితాలు బయటికి లాగుతూ.

"ఏం లే అన్నా."

"ఏం లేకుంటే ఊదు. మిషన్‌కు నీ ఫికర్‌లన్నీ తెల్వయి."

నూరీన్ కట్ట వంచింది. నోరు దగ్గర పెట్టింది. తన చేతులు తెర నిండా కనిపించాయి. తల్లి గొంతు వినిపించింది. కట్టను బల్ల మీద పెట్టేసింది. హనుమాండ్లే ఊదాడు.

సాయంత్రం వంశీకృష్ణ వచ్చాడు. ఇప్పుడతను బేగంపేటలో ఉద్యోగస్థుడు. అయినా నోట్‌బుక్కులకు స్పైరల్ బైండింగ్ ఇక్కడే చేయించుకుంటాడు.

"మంజూష గారు నాకు ఫోన్ చేశారు. మీరేంటండీ, మూడు సెకన్ల షాట్ కోసం..."

"మూడు సెకన్లల్ల నేను మూడు పత్తాలు పెట్టుకుంట వంశీ భాయ్. మూడు సెకన్లు చిన్నగ కనబడతయా నీకు?"

"అది కాదండీ. మన ఆట గురించి ఎవరికీ తెలీదు. ఇన్నాళ్ళకి ఒక సినిమా వస్తోంది. మీ వల్ల దానికో మంచి పేరు వస్తుంది. చూసేవాళ్ళకి మీ అమ్మగారు ఎవరో ఏం తెలుసు?"

"మా గల్లీకి తెలుసు."

అతను స్టూలు మీద కూర్చున్నాడు. "నాకు నిజంగా ఇది పెద్ద తప్పులా అనిపించట్లేదు," అన్నాడు.

"నీ షాట్ల నువ్వేం చేసినవో గదే ఉన్నది. అందుకే నీకు అనిపించదు."

అతను బైండింగ్ తీసుకుని, వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళిపోయాడు. రుద్రమ్మ చాయ్ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"గా తెనాలి పిల్లగాడు ముఖం ముడుచుకొని పోతుండేంది?"

"పిచ్చర్ సంగతి అక్కా."

"ఏమాయె? నేను మంచిగ పడ్డనా?"

నూరీన్ ఆమె వైపు చూసింది. ఫిబ్రవరిలో కొన్న ఆ చీరను రుద్రమ్మ మళ్ళీ కట్టలేదు. సినిమా వచ్చిన రోజు కట్టుకుంటానని దాచింది.

"నువ్వు లేవు అక్కా. తీసేసిండ్రు."

రుద్రమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నన్నా? ఆఠీను రాణిని?"

"అన్నను సుత తీసేసిండ్రు."

"మరి ఎవలున్నరు అండ్ల?"

"నేనున్న." తర్వాత అంది, "నేను సుత లేను."

రుద్రమ్మ తిట్టడం మొదలుపెట్టింది. కెమెరా ముందు రానిదంతా అప్పుడు వచ్చింది.

ఆ సాయంత్రం నూరీన్ నడిచే ఇంటికి వెళ్ళింది. స్కూటీ షాపు దగ్గరే వదిలేసింది. మెట్రో మెట్లు. పండ్ల బండి. మందుల షాపు. ప్రతి చోటా ఆ సినిమా పేర్లలోని ఒక పేరు నిలబడి ఉంది. మంగళవారం పెట్టినవి, ఒక్కటీ కదలలేదు. తీసెయ్యాలని చూసింది. వాటి మీద రుద్రమ్మను పెట్టింది, మతీన్‌ను పెట్టింది. పేర్లు అలాగే ఉన్నాయి.

మసూదా మగ్రిబ్ నమాజు ముగించి చాప మడుస్తోంది. నూరీన్ చెప్పులు విడిచి గోడకు ఆనుకుని కూర్చుంది. ఇక దాచడం కుదరదు. వచ్చే శుక్రవారం సినిమా వస్తుంది. గల్లీలో అందరి ఫోన్లలోకీ వస్తుంది. అంతా చెప్పింది. తన చేతులు, తల్లి గొంతు, ముక్కలు.

మసూదా అరవలేదు. మడిచిన చాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నేను నీ మీద ఊదుతానని చెప్పా," అంది.

"హౌ అమ్మీ, నా మీదే."

"పత్తాల మాటే రాలేదు నా నోట్లోంచి."

"హౌ."

"నన్ను పత్తాను చేయొద్దని చెప్పా నీకు. తొమ్మిదేళ్ళ కింద చెప్పా."

"నేను చేయలేదు అమ్మీ."

"నువ్వు చేయలేదు. నువ్వు తీసుకొచ్చినవాళ్ళు చేశారు." చాప అంచు సరిచేస్తూ అంది. "కుర్చీ వేసి కూర్చోబెట్టా. చాయ్ ఇచ్చా. ఆ పిల్ల ఎంత మంచిగా మాట్లాడింది."

లేచి వంటగదిలోకి వెళ్ళింది. నూరీన్ డబ్బా చప్పుడు కోసం చూసింది. రోజూ రాత్రి ఇషా నమాజుకు ముందు చీటీలు చదివే వేళ అది. డబ్బా అరలోనే ఉంది. మసూదా అన్నం పెట్టి, తాను తినకుండా గదిలోకి వెళ్ళి పడుకుంది. తొమ్మిదేళ్ళలో, జ్వరం వచ్చిన రోజులు తప్ప, చీటీలు చదవని రాత్రి అదే.

మర్నాడు శనివారం. నూరీన్ ఆరింటికే లేచి తయారైంది. గడప దగ్గర నిలబడి తల వంచింది. లోపలి నుంచి అడుగుల చప్పుడు రాలేదు. ఆమె అలాగే నిలబడింది. మెడ నొప్పెట్టింది. పాలవాడు వచ్చి, పక్కింట్లో పాలు పోసి వెళ్ళిపోయాడు. అప్పుడు మసూదా వచ్చింది. దువా చదివింది. రోజూకంటే నిదానంగా చదివింది. ఊదింది. లోపలికి వెళ్ళిపోయింది.

నూరీన్ షాపు షట్టరు ఎత్తింది. హనుమాండ్లు ఇంకా రాలేదు. కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు వాక్యాలు కొట్టింది. నేను ముక్కల మీద దువా చదవను. మా అమ్మ నా మీద చదువుతుంది. ఆ రెండింటినీ విడదీయండి. విడదీయలేకపోతే నన్ను తీసెయ్యండి.

పైన పేరు కోసం చోటు వదిలింది. మొదటి పేరు కొట్టింది. ప్రింటు ఇచ్చింది. తలలో మెట్రో మెట్లు దిగి, రెండో పేరు దగ్గరికి వెళ్ళింది. అలా నడుస్తూ కొడుతూ పోయింది. పందొమ్మిదో చోట హైందవి ఉంది. ఇరవై ఆరో పేరు దగ్గర మిషన్‌లో కాగితాలు అయిపోయాయి.

కొత్త రీమ్ విప్పింది. కట్టను రెండు చేతులతో పట్టుకుంది. వంచింది. బొటనవేలితో అంచును వదిలింది. చేతులు ఒక్క క్షణం ఆగాయి. నోరు దగ్గర పెట్టి ఊదింది. రెండుసార్లు తట్టి, మిషన్‌లో పెట్టింది.

మొత్తం ముప్పై ఎనిమిది ఉత్తరాలు. కవర్‌లో పెట్టుకుని, పంజాగుట్ట మీదుగా సోమాజిగూడకు నడిచింది. సెక్యూరిటీ మనిషి ఆమెను గుర్తుపట్టాడు. రిజిస్టరు తెరిచాడు.

"మళ్ళ వచ్చినవా? ఎవర్ని కలవాలె? పేరు చెప్పాలె."

"చెప్త. రాసుకో అన్నా," అంది నూరీన్.

మొదటి పేరు చెప్పింది. అతను రాశాడు. రెండో పేరు చెప్పింది. రాశాడు. మూడోది చెప్పింది. అతను పెన్ను ఎత్తి ఆమె వైపు చూశాడు. ఆమె చేతిలో మూసిన కవర్ తప్ప, పేర్లు రాసుకున్న కాగితమేదీ లేదు.

"ఇంక ఎంతమంది ఉన్నరమ్మా?"

నూరీన్ నాలుగో పేరు చెప్పింది.